ఆరు ఇటుకల ఎత్తు

శౌరయ్య జీపు కింద వెల్లకిలా పడుకుని నాలుగో బోల్టుతో కుస్తీ పడుతున్నాడు. పన్నెండేళ్ళ తుప్పు. ముందురోజు సాయంత్రమే డీజిలు పోసి నానబెట్టినా మొండికేసింది. పానాకి రెండడుగుల పైపు తొడిగి, రెండు కాళ్ళూ చక్రానికి తన్నిపెట్టి ఊపిరి బిగబట్టి లాగాడు. బోల్టు కిర్రుమని ఏడ్చి వదిలింది. నోట్లో ఇంత తుప్పు రాలిపడింది.

"అదీ!" అన్నాడు, తుప్పు ఉమ్మేస్తూ.

అరవై మూడేళ్ళ మనిషి పొద్దున్నే ఆరున్నరకి మట్టిలో పడుకుని తనలో తాను నవ్వుకుంటున్నాడంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? పక్క టైర్ల కొట్టు గిరిబాబు అనుకోవడంతో సరిపెట్టుకోలేదు. షట్టరెత్తుతూనే కేకేశాడు.

"ఏంటి శౌరన్నా, పెళ్ళిచూపులకి పోతున్నట్టున్నావు? మొహం అట్టా వెలిగిపోతందేంటి?"

"నీకు తెలీదులే. పోయి నీ పంచర్లు చూసుకో."

తిరువూరు బస్టాండు దాటి భద్రాచలం వైపు పోతుంటే ఎడమచేతి పక్కన ఉంటుంది ఆ రేకుల షెడ్డు. బోర్డు లేదు. అవసరమూ లేదు. కమాను శౌరయ్య అంటే చుట్టుపక్కల మండలాల్లో డ్రైవరన్నవాడికల్లా తెలుసు. బండి అడుగున ఉక్కు పట్టీలని ఒకదాని మీద ఒకటి పేర్చి, విల్లులా వంచి కట్టిన కట్టే కమాను. బండి బరువంతా మోసేది అదే. దాని వంపు ఎంతుంటే బండి అంత ఎత్తులో నిలబడుతుంది. బరువుకి వంపు చచ్చిపోతే పట్టీలు విప్పి, దిమ్మ మీద సుత్తితో కొట్టి మళ్ళీ వంపు తెప్పించాలి. శౌరయ్య ఆ పని నలభై ఒక్క ఏళ్ళుగా చేస్తున్నాడు. కుడి భుజం ఎడమదానికంటే ఒక అంగుళం కిందికి దిగింది. కుడి చెవికి సుత్తి మోత తప్ప సన్నని మాటలు వినపడవు. అరిచేతుల్లో గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు ఒకసారి ఆ చేతిని పట్టుకుని కాసేపు తిప్పి చూసి, డబ్బు తీసుకోకుండానే లేచిపోయాడు.

రెడ్డిగూడెం మామిడికాయల లారీలు, గంపలగూడెం పత్తి ట్రాక్టర్లు, కూలీలని మోసే జీపులు, ఆటోలు - ఎవరొచ్చినా ఒకటే మాట. "ఇంకో పట్టీ వెయ్యి శౌరయ్యా." వేసేవాడు. బండి లేచేది. ఇంకా బరువు ఎక్కించేవాళ్ళు. నలభై ఒక్క ఏళ్ళలో బండిని ఎత్తమన్నవాళ్ళే గాని దించమన్నవాడు ఒక్కడంటే ఒక్కడు రాలేదు.

పోయిన ఆదివారం దాకా.

ఆ రోజు ఆరాధన ముగిశాక గుడి నుంచి తిన్నగా షెడ్డుకి వచ్చింది హెప్సిబా. జోజిబాబు కూతురు. పెనుగొలను నుంచి తిరువూరుకి కూలీల జీపు తోలిన జోజిబాబు శౌరయ్యని అన్నా అని పిలిచేవాడు కాబట్టి ఆ పిల్లకి శౌరయ్య పెదనాన్న. పిల్ల అనడం అలవాటేగాని ఆమెకి ముప్ఫై నాలుగేళ్ళు. గంపలగూడెం అవతల ఒక బడిలో టీచరు. ఎత్తు మూడడుగుల ఎనిమిది అంగుళాలు. పుట్టుకతోనే అంత. తెలివి, గొంతు, కోపం మాత్రం నిలువెత్తు మనిషివి.

"పెదనాన్నా, నాన్న జీపు దించాలి."

జోజిబాబు పోయి రెండేళ్ళయింది. జీపు అప్పటినుంచీ ఇంటి పక్కన పట్టా కప్పుకుని ఉంది.

"అమ్మేద్దామనా? ఎత్తుగా ఉంటేనే రేటొస్తదమ్మా."

"అమ్మటానిక్కాదు. తోలటానికి. నేను తోలటానికి."

విజయవాడ నుంచి ఎవరో మనిషిని పిలిపించి పెడళ్ళు తన కాళ్ళకి అందేలా పొడుగు చేయించిందట. సీటు ముందుకి జరిపించి ఎత్తు చేయించిందట. లైసెన్సు కూడా వచ్చింది. అన్నీ అయ్యాయి. ఒక్కటే మిగిలింది. ఎక్కడం.

"రోజూ షేరాటో అబ్బాయి చంకల కింద చేతులేసి ఎత్తి కూర్చోబెడతాడు," అంది రోడ్డు వైపు చూస్తూ. "బడి దగ్గర మళ్ళా ఎత్తి దించుతాడు. మంచోడే. ఏమనడు. కానీ నా పిల్లలు గేటు దగ్గర నిలబడి చూస్తా ఉంటారు పెదనాన్నా. ఇప్పుడే వాళ్ళ తమ్ముణ్ణి దించినట్టు నన్ను దించితే, లోపలికెళ్ళి నేను ఎక్కాలు అప్పజెప్పమనాలి. నాన్న ఎత్తితే వేరు. నాన్న పోయాక... ఎవరి చెయ్యీ పడకూడదు నా మీద. నా అంతట నేను ఎక్కాలి. అంతే."

ఆమెని ఎలా కొలవాలో శౌరయ్యకి తోచలేదు. బండిని కొలవడం తెలుసు, మనిషిని టేపు పెట్టి కొలిస్తే బాగుంటుందా? షెడ్డు మూలన జాకీ కింద పెట్టుకునే ఇటుకలున్నాయి. తెచ్చి ఒకటి పెట్టాడు. "ఎక్కమ్మా." ఎక్కింది. రెండు పెట్టాడు. ఎక్కింది. మూడు పెడితే పళ్ళు బిగించి ఎక్కింది. నాలుగోది ఆమె వల్ల కాలేదు. కిందికి దిగి చెయ్యి పైకెత్తమని, అందినకాడికి గోడ మీద సుద్దతో గీత గీశాడు. అంటే మూడిటుకల ఎత్తులో ఒక మెట్టు, ఇంకో మూడిటుకల ఎత్తులో జీపు లోపలి నేల, గీత దగ్గర పట్టుకోవడానికి ఒక కమ్మీ. మొత్తం ఆరు ఇటుకలు. మర్నాడు ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చిన జీపు పక్కన పేర్చి చూస్తే తొమ్మిదిన్నర వచ్చాయి.

అంత ఎత్తుకి దాన్ని లేపింది ఎవరో కాదు, తనే. ఇరవైమంది కూలీల్ని ఎక్కించాలన్నా అని జోజిబాబు అడిగితే, ఇరుసు కిందుగా ఉండాల్సిన కమాన్లని ఇరుసు పైకెక్కించి, ఒక్కోదానికి రెండేసి పట్టీలు అదనంగా కట్టాడు. జోజిబాబు మురిసిపోయి బిరియానీ తినిపించాడు.

ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే పెళ్ళాం రిబ్కా నవ్వి, చీర అంచు కాస్త పైకి లాగి మోకాలి కింద మచ్చ చూపించింది.

"మిరపకోతకి పొయ్యేటప్పుడు ఆ జీపెక్కబోయి జారితే పడిందిది. కుంటుకుంటా ఇంటికొచ్చి చెప్తే నువ్వేమన్నావో గుర్తుందా? బండి ఎత్తు బాగా కుదిరింది కదా అన్నావు!"

గుర్తులేదు. కాని అనే ఉంటాడు. నలభై ఒక్క ఏళ్ళు బండి ఎంత మోస్తుందని చూశాడేగాని అందులోకి ఎవరెలా ఎక్కుతున్నారో తలెత్తి చూసిన పాపాన పోలేదు. సద్దిమూటలు చంకన పెట్టుకుని, చీర ఎగ్గట్టి, ఒకరి నడుం ఒకరు తోసుకుంటూ ఎక్కే ఆడవాళ్ళందరూ కళ్ళముందే ఉన్నారు ఇన్నేళ్ళూ. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే చెప్పలేనంత ఉత్సాహం ముంచుకొచ్చింది. ఒక బండిని దించబోతున్నాడు! మనిషి కోసం. మొదటిసారి.

అందుకే ఈ పొద్దున అంత వెలుగు మొహంలో. సాయంత్రం నాలుగున్నరకి బడి నుంచి హెప్సిబా వస్తుంది. రేపటినుంచి రావద్దని ఆటో అబ్బాయికి చెప్పేసింది కూడా.

తొమ్మిదింటికల్లా నాలుగు కమాన్లూ కిందికొచ్చాయి. అదనపు పట్టీలు ఎనిమిదీ తీసి ఒక పక్కన పడేశాడు. ముందు కమాన్ల పట్టీలు విప్పి ఒక్కోటీ దిమ్మ మీద పెట్టాడు. లోపలి వైపు కొడితే వంపు పెరుగుతుంది, బయటి వైపు కొడితే తగ్గుతుంది. ఇంతే శాస్త్రం. చెప్పడానికి రెండు ముక్కలు, చేతికి రావడానికి పదేళ్ళు. బోర్లించి కొట్టాడు. ఠంగ్. సుత్తి కొత్త పాట పాడినట్టనిపించింది. ఉక్కు ఒక్కో దెబ్బకి ఒక్కో వెంట్రుకవాసి లొంగుతుంటే శౌరయ్యకి ఒళ్ళంతా జలదరించింది. ఇంత వయసొచ్చాక తన సుత్తే తనకి కొత్తగా ఉందంటే నవ్వు రాదా!

పదకొండుకి ముందు కమాన్లు ఇరుసు కిందుగా కట్టేశాడు. అప్పటికి షెడ్డు ముందు నలుగురు చేరారు. జీపు దించడమేంటని ఒకడు, దించితే రోడ్డు గతుకుల్లో నడుం విరగదా అని ఇంకొకడు. శౌరయ్య వెనక పట్టీలు కొడుతూనే వాళ్ళకి జవాబులు చెప్పాడు. మామూలుగా రోజుకి పది మాటలు మాట్లాడని మనిషి ఆ గంటలో ఏడాది సరిపడా మాట్లాడాడు. పట్టీలు పేర్చాడు, బిగించాడు, జాకీ దించాడు.

జీపు ముందు వంగి, వెనక లేచి నిలబడింది. పోట్లగిత్త కొమ్ము విసరబోతున్నట్టు.

గిరిబాబు కాసేపు చూసి, "శౌరన్నా, టీచరమ్మని వెనకనుంచి ఎక్కిస్తావా ఏంటి?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

శౌరయ్యకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఇటుకలు తెచ్చి వెనక పేర్చాడు. ఎనిమిది. కింద దూరి కమానుని తడిమాడు. వంపు దివ్యంగా ఉంది. ఇంతకు ముందెన్నడూ లేనంత అందంగా ఉంది. నోరు జనంతో మాట్లాడుతుంటే చేతులు తమకి తెలిసిన పనే చేసేశాయి. నలభై ఒక్క ఏళ్ళు ఎత్తిన చేతులు కదా, అడక్కుండానే ఎత్తాయి. వెనక పట్టీలన్నీ లోపలి వైపే కొట్టాడు.

జీపు కింద అలాగే పడుకుని ఉండిపోయాడు. టైము పన్నెండున్నర. మళ్ళీ విప్పాలి, ఎక్కిన వంపు దించాలి, ఆ పైన దించాల్సింది దించాలి, కట్టాలి, మెట్టు వెల్డింగు చెయ్యాలి, కమ్మీ పెట్టాలి, చిన్న టైర్లు ఎక్కించాలి. ఆ పిల్ల ఆటోకి వద్దని చెప్పేసింది. రేపు మళ్ళీ ఆ అబ్బాయినే పిలుచుకుని చంకలు ఎత్తి నిలబడాలా, తన చేతుల పొగరు వల్ల?

"గిరీ!" అని అరిచాడు కింద నుంచే. "నీ కొట్టు మూసి ఇట్టా రా!"

ఇరవై ఏళ్ళ పరిచయంలో శౌరయ్య సాయం అడగడం గిరిబాబు చూడలేదు. నవ్వు ఆపేసి షట్టరు సగం దించి వచ్చాడు. చూడవచ్చినవాళ్ళని "సినిమా అయిపోయింది, పోండి పోండి" అని తరిమేశాడు.

రిబ్కా పంపిన క్యారేజీ విప్పే తీరిక ఎవరికుంది? గిరిబాబు పట్టకారుతో పట్టీ పట్టుకున్నాడు. శౌరయ్య సుత్తి ఎత్తినప్పుడల్లా "బయటి వైపన్నా, బయటి వైపు!" అని కేక పెట్టాడు. మొదట్లో శౌరయ్యకి ఒళ్ళు మండింది. పది దెబ్బల తరవాత తనూ అందుకున్నాడు. "బయటి వైపు" ఠంగ్. "బయటి వైపు" ఠంగ్. రోడ్డున పోయే బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. చెమట కళ్ళలో పడి మండుతోంది, దిగిన భుజం ఇంకో అంగుళం దిగేలా ఉంది, అయినా శౌరయ్యకి అలుపు తెలియలేదు. పోటీలో పరుగు పెడుతున్నట్టుంది.

మూడుంబావుకి వెనక కమాన్లు ఎక్కాయి. మూడున్నరకి గిరిబాబు చిన్న టైర్లు తొడిగాడు. ఇద్దరూ కలిసి జాకీ దించారు. జీపు మెల్లగా, పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నట్టు, ముందూ వెనకా ఒక్క తీరుగా కూర్చుంది. ఇటుకలు పేర్చారు. ఐదు. ఆరు. ఆరో ఇటుక జీపు నేలకి సరిగ్గా ఆనింది. మధ్యలో గోరు కూడా దూరలేదు.

గిరిబాబు ఎగిరి గంతేశాడు. శౌరయ్య గంతెయ్యలేదుగాని వెల్డింగు అద్దం పెట్టుకుని మెట్టూ కమ్మీ అతికిస్తున్నంతసేపూ ఆ అద్దం వెనక ఏడ్చాడు.

నాలుగుంబావుకి కొత్త బ్యాటరీ తగిలించి తనే ఒకసారి తోలి చూశాడు. పెడళ్ళు దగ్గరగా ఉండటంతో మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. స్పీడు బ్రేకరు మీద అడుగు గీసుకుంటుందని భయపడ్డాడు, గీసుకోలేదు. మూలమలుపు దగ్గర ఎత్తు బళ్ళన్నీ కుండలో నీళ్ళలా ఒక పక్కకి ఒరిగిపోతాయి. ఇది ఒరగలేదు. నేలని కరుచుకుని తిరిగింది. "ఓరి దేవుడా," అన్నాడు పైకే. బండి ఇలా కూడా పోతుందా? ఇన్నేళ్ళూ బళ్ళని మోయించడమే చేశాడు తను. నడిపించడం ఇదే మొదలు.

నాలుగున్నరకి షేరాటో ఆగింది. డ్రైవరబ్బాయి దిగి, మామూలుగానే హెప్సిబా చంకల కింద చేతులేసి ఎత్తి కింద పెట్టాడు. "వస్తానండి టీచరుగారూ," అని వెళ్ళిపోయాడు. ఆమె కొంగు సర్దుకుని, జీపు వైపు చూసి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నాన్న జీపేనా ఇది?"

"నాన్నదే. ఇప్పుడు నీది," అన్నాడు శౌరయ్య.

చుట్టూ తిరిగి చూసింది. మెట్టు మీద అరిచెయ్యి ఆనించి చూసింది. తరవాత, "ప్రార్థన చెయ్యండి పెదనాన్నా, ఎక్కేముందు," అంది.

శౌరయ్య కంగారు పడ్డాడు. గుడిలో వెనక వరసలో నిలబడి పెదాలు కదపడమేగాని నలుగురిలో ప్రార్థన చేసిన మనిషి కాడు. హెప్సిబా అప్పటికే చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. గిరిబాబు హిందువు, అయినా చేతులు కట్టుకున్నాడు. తప్పదు. శౌరయ్య బానెట్టు మీద చెయ్యి పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, ఈ బిడ్డ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తోడుండు. మధ్యలో తను చూసుకుంటది. ఆమెన్."

ఆమెన్ అనేసి హెప్సిబా మెట్టు దగ్గరికి నడిచింది. కమ్మీ కోసం చెయ్యెత్తింది. వేళ్ళు కమ్మీకి రెండువేళ్ళ దూరంలో ఆగిపోయాయి.

శౌరయ్యకి అప్పుడు తట్టింది. ఆదివారం ఆమె చెప్పులతో నిలబడితే గీసిన గీత అది! ఇప్పుడు ఒట్టి కాళ్ళతో ఉంది. హెప్సిబా మునివేళ్ళ మీద లేచింది. అందలేదు. మళ్ళీ లేచింది. మెడ నరాలు బిగిశాయి. గిరిబాబు అప్రయత్నంగా ముందుకి అడుగేశాడు.

"చెయ్యెయ్యమాక!" శౌరయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. తన రెండో చెయ్యి కూడా లేవబోతోంది. దాన్ని వీపు వెనక్కి పెట్టుకుని నడుముకి అదుముకున్నాడు. ఈ చేతులకి ఎత్తడం తప్ప ఇంకేం తెలుసు గనక.

హెప్సిబా ఒక్క క్షణం ఆగింది. కమ్మీ సంగతి వదిలేసింది. ఎడమచేత్తో సీటు కింది ఇనపచట్రం పట్టుకుని, కుడికాలు మెట్టు మీద పెట్టి, ఒక్క ఊపున లేచింది. లేస్తూనే కుడిచెయ్యి పైకి విసిరింది. కమ్మీ పిడికిట్లో పడింది. రెండోకాలు మెట్టు మీదికి, మెట్టు నుంచి లోపలికి. కూర్చుంది.

ఆమే ముందు నవ్వింది. మొదట చిన్నగా, తరవాత తల వెనక్కి వాల్చి, రోడ్డంతా వినపడేలా నవ్వింది. జోజిబాబు నవ్వు అది. శౌరయ్య చెడిన చెవికి కూడా వినపడింది.

"బస్టాండు దాకా పోయి తిప్పుకొస్తా పెదనాన్నా!"

తాళం తిప్పింది. జీపు ఒకసారి దగ్గి అందుకుంది. అద్దంలో చూసుకుని, సిగ్నలు వేసి, తొందరేం లేకుండా రోడ్డెక్కింది. బస్టాండు దగ్గర రెండుసార్లు హారను మోగింది. తరవాత జనంలో కలిసిపోయింది.

పదినిమిషాలు చూశారు. ఇరవై అయింది. ఎండ రోడ్డు అవతలి గోడల మీదికి ఎక్కింది. శౌరయ్య రోడ్డు వార నిలబడి, వచ్చే ప్రతి జీపుకీ మెడ సాచి చూస్తున్నాడు. బోల్టులన్నీ సరిగ్గా బిగిశాయా అని మనసులోనే తడిమి చూసుకుంటున్నాడు. ఐదున్నరకి ఫోను మోగింది. ఎడమ చెవికి పెట్టుకున్నాడు.

"పెదనాన్నా, ఇంటికొచ్చేశా! తిప్పాలనిపించలేదు. గంపలగూడెం రోడ్డులో ఎవరూ లేరు, నేనూ నాన్న జీపూనే. దిగటం కూడా నేనే దిగా. అమ్మ చూసింది!"

"మంచిదమ్మా," అన్నాడు. ఫోను ఇంకాస్త చెవికి అదుముకున్నాడు. "మంచిది."

షెడ్డు ఒక్కసారిగా ఖాళీగా కనిపించింది. నాలుగు రోజులు జీపు నిలబడిన చోట ఆయిలు మరకలు, తుప్పు పొడి. ఆకలి ఇప్పుడు తెలిసింది. క్యారేజీ కోసం లోపలికి తిరగబోతుంటే గిరిబాబు, "అన్నా, అటు చూడు," అన్నాడు.

ఇందాక జీపు మెట్టు ఉన్న చోటికి ఎదురుగా ఆమె చెప్పులున్నాయి.

"నేను బండేసుకుపోయి ఇచ్చి రానా?"

"వద్దు," అన్నాడు శౌరయ్య. "కావాలంటే తనే వచ్చి తీసుకుంటది. ఇప్పుడు బండుంది కదా."

గొంతుక్కూర్చుని ఒక చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా ఉంది. అడుగు రెండువేళ్ళ మందం. ఏళ్ళ తరబడి ఎత్తు కోసం ఏ చెప్పులు కుట్టేవాడి దగ్గరో కూర్చుని ఇంకొకటి, ఇంకొకటి అని వేయించుకుంటూ వచ్చినట్టుంది. రబ్బరు మీద రబ్బరు అంటించి, చుట్టూ దారంతో కుట్టి ఉంది. అలవాటు కొద్దీ బొటనవేలితో పొరలు లెక్కపెట్టాడు. ఆరు. అన్నిటికంటే కింది పొర కొత్తది, ఇంకా సరిగా మట్టి కూడా అంటలేదు.

చెప్పుని తీసినచోటే, ఎవరూ ముట్టుకోనట్టే, రెండోదాని పక్కన పెట్టాడు.